కొండ సరస్సులో అతినీలలోహిత కిరణాలు ఎంత లోతుకు దిగుతాయో కొలవడం ఎలా?

ఎత్తైన కొండల మీది సరస్సులో అడుగున రాళ్లు స్పష్టంగా కనబడుతున్నంత మాత్రాన అతినీలలోహిత కిరణాలు కూడా అక్కడిదాకా చేరుతున్నాయని అనుకోకూడదు. తాడుకు కట్టి దింపిన సెకీ ఫలకం ఏ లోతులో కనుమరుగవుతుందో చూసే పద్ధతి కంటికి కనిపించే కాంతి సంగతి మాత్రమే చెబుతుంది. అతినీలలోహిత కిరణాలను ముఖ్యంగా పీల్చుకునేది ఆకులు, మట్టిలోని జీవపదార్థం కుళ్లగా నీటిలో కరిగిన కర్బన పదార్థం. అది కంటికి ఆననంత కొద్దిగా ఉన్నా లెక్క మారిపోతుంది.

అందుచేత నీటిలో ముంచడానికి వీలైన రేడియోమీటర్, అంటే కిరణాల తీవ్రతను కొలిచే పరికరం కావాలి. 305, 320, 340, 380 నానోమీటర్ల వంటి తరంగదైర్ఘ్యాలను విడివిడిగా, వాటితోపాటు లోతునూ నమోదు చేసే పరికరమైతే మంచిది, ఎందుకంటే తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ కిరణాలు మరింత త్వరగా క్షీణిస్తాయి. మొత్తానికి కలిపి ఒకే అంకె చూపే చవక మీటర్లు ఈ పనికి అక్కరకు రావు.

మబ్బు లేని రోజున, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు, పడవ నీడ పడకుండా ఎండ ఉన్న వైపు నుంచి పరికరాన్ని నెమ్మదిగా దింపాలి. అంతకుముందు దాన్ని కాసేపు నీటిలోనే ఉంచి, నీటి చలికి అలవాటుపడ్డాక మూత పెట్టి చీకటి రీడింగు తీసుకుని, ఆ విలువను మిగతా రీడింగులన్నిటి నుంచీ తీసివేయాలి. కొలుస్తుండగా మబ్బు అడ్డం వస్తుందనుకుంటే పడవపై మరో సెన్సరు ఉంచి, నీటి లోపలి ప్రతి విలువనూ అదే క్షణంలోని పైవిలువతో భాగించాలి. అలలు కాంతిని ఒకచోట పోగుచేసి, మరోచోట చెదరగొడతాయి కాబట్టి ఉపరితలం నుంచి మొదటి మీటరు లోతులోని విలువలను నేను లెక్కలోకి తీసుకోను.

మిగిలిన విలువల సహజ సంవర్గమానాలను లోతుకు ఎదురుగా గీస్తే వచ్చే సరళరేఖ వాలే క్షీణతా గుణకం, అంటే లోతుతో కిరణాలు ఎంత వేగంగా తగ్గుతాయో చెప్పే అంకె. ఉదాహరణకు 320 నానోమీటర్ల దగ్గర 2 మీటర్ల లోతులో 60, 7 మీటర్ల లోతులో 19 వచ్చాయనుకుందాం. వాటి నిష్పత్తి సంవర్గమానం సుమారు 1.15, దాన్ని 5 మీటర్లతో భాగిస్తే గుణకం మీటరుకు 0.23 అవుతుంది. 100కు సహజ సంవర్గమానమైన 4.6ను ఈ గుణకంతో భాగిస్తే, ఉపరితల కాంతిలో 1 శాతం మిగిలే లోతు 20 మీటర్లని తేలుతుంది. గీత మధ్యలో వంగితే ఒకే గుణకంతో సరిపెట్టకుండా, ఏ పొర వాలు ఆ పొరకే లెక్కించాలి. మంచు కరిగి వచ్చే వాగు నీరో, లోతున పోగైన వృక్ష ప్లవకాలో (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలో) దానికి కారణం కావచ్చు.

కారణం తేల్చుకోవడానికి వేర్వేరు లోతుల నుంచి నీటి నమూనాలు తీసి, ఎండ తగిలితే కరిగిన పదార్థం రంగు వెలిసిపోతుంది కనుక చీకట్లో, చల్లగా ఉంచి, 0.2 మైక్రాన్ల వడపోత తర్వాత ఏ తరంగదైర్ఘ్యాన్ని నీరు ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరులో చూడాలి. ఇంత తేట నీటికి, కాంతి నీటి గుండా 1 సెంటీమీటరే ప్రయాణించే నమూనా పాత్ర చాలదు. 10 సెంటీమీటర్లది, అదీ క్వార్ట్జ్‌ది వాడాలి, ఎందుకంటే మామూలు గాజు తక్కువ తరంగదైర్ఘ్యాలను తానే మింగేస్తుంది. వడపోసిన నీరు పెద్దగా పీల్చుకోకపోయినా సరస్సులో క్షీణత ఎక్కువగా ఉందంటే, హిమానీనదం నూరి తెచ్చిన సన్నని రాతిపొడినో, ప్లవకాలనో అనుమానించి, వడపోత కాగితం మీద మిగిలినదాన్ని పరీక్షించాలి.