పన్నెండు పీటలు, ఒక చింతచెట్టు: ప్రేక్షకులే వాన కురిపించే ఆట ఎలా కట్టాలి

గోల్కొండ కోటకి వెళ్ళినవాళ్ళందరూ ఒక పని చేస్తారు. ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడతారు. దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలాహిసార్‌లో ఉన్న మనిషికి ఆ చప్పుడు వినిపిస్తుంది. పైకెక్కినవాళ్ళు ఫోన్ చేసి "వినిపించింది" అనేదాకా కిందివాళ్ళు కొడుతూనే ఉంటారు. గైడ్ ఎంత చరిత్ర చెప్పినా ఇంటికెళ్ళాక పిల్లలు చెప్పేది మాత్రం "నేను కొడితే పైకి వినిపించింది" అనే.

ప్రేక్షకులు కూడా పాల్గొనే ప్రదర్శన తయారు చేద్దామనుకునేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి ఒక గంట నిలబడి చూడండి. "నేను చేశాను, అందుకే జరిగింది" అని మనిషికి తెలియడం మీదే ఈ కళ మొత్తం నిలబడుతుంది. ప్రొజెక్టర్లు, సెన్సర్లు, కంప్యూటర్ అన్నీ దానికోసమే.

నేను పదిహేనేళ్ళు నాటకాలకి లైటింగ్ చేశాను. మూడేళ్ళుగా తోలుబొమ్మలాటకి సెన్సర్లు, ప్రొజెక్టర్ కలిపి ముప్పై మంది పట్టే చిన్న గదుల్లో ఒక ఆట ఆడిస్తున్నాం. అదెలా కట్టామో మొదటినుంచి చెబుతాను. మీ కథకి తగ్గట్టు మార్చుకోండి.

మా కథ 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆ రోజు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది, వెళ్ళి చూడవచ్చు. మా ఆటలో ప్రేక్షకులు చెక్క పీటల్ని అరచేత్తో తడితే తెర మీద చినుకులు పడతాయి. తట్టేకొద్దీ వాన పెరుగుతుంది, నది పొంగుతుంది, జనం బొమ్మలు చెట్టెక్కుతాయి. వరద తీయాలంటే పన్నెండు పీటలూ ఇరవై సెకన్ల పాటు మాట్లాడకుండా ఉండాలి. అంతే.

మీరు కూడా ముందు ఇలా రాసుకోండి: ప్రేక్షకుడు ఇది చేస్తే ఇది జరుగుతుంది. ఒకటి, మహా అయితే రెండు. మా మొదటి చిత్తుప్రతిలో ఫోన్ ఊపితే గాలి వీచడం, కెమెరా ముందు నిలబడితే మబ్బు రావడం కూడా ఉన్నాయి. తీసేశాం. నాలుగు పనులు నేర్పితే జనం నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు, కథని అసలే పట్టించుకోరు.

లింగంపల్లిలో సురభి వాళ్ళ నాటకాలు చూసి పెరిగినదాన్ని నేను. 1885లో మొదలైన ఆ కుటుంబాల నాటకాల్లో బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు. తాడు కనిపించకపోవడంలో ఉంది వాళ్ళ గొప్పతనం. మన పని దానికి తిరగబడ్డది. ప్రేక్షకుడి చేతికీ తెర మీది చినుక్కీ మధ్య ఉన్న తాడు అతనికి కనిపించి తీరాలి. ఈ తేడా నాకు మొదటి ప్రదర్శన చెడిపోయాక గానీ అర్థం కాలేదు.

అప్పటికి పీటలు లేవు. చప్పట్లతో వాన కురిపిద్దామని తెర పక్కన మైకు పెట్టాం. ఇంట్లో రిహార్సల్స్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. హాల్లో ఆట మొదలై స్పీకర్లోంచి ఉరుము రాగానే మైకు దాన్ని చప్పట్లు అనుకుంది. వాన పెరిగింది. ఆ వాన చప్పుడు విని ఇంకా పెరిగింది. జనం చేతులు కట్టుకుని కూర్చున్నా నది పొంగుతూనే ఉంది. మొదట్లో ఉత్సాహంగా కొట్టినవాళ్ళు తమ చప్పట్లతో పని లేదని తెలిసి ఆపేశారు. ఆట అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు, బాగుందనే అన్నారు. నాకు మాత్రం రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అలా వచ్చాయి పీటలు. చెక్క అదిరితే పలికే సెన్సర్‌కి స్పీకర్లతో గొడవ లేదు. దాన్ని పీజో బిళ్ళ అంటారు. ఇత్తడి రేకు మీద తెల్లటి పూత ఉన్న పల్చటి బిళ్ళ. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను కొట్లలో పది, ఇరవై రూపాయలకి దొరుకుతుంది. వైర్లు ముందే అతికించి ఉన్నవి అడగండి. తెల్ల పూత మీద సోల్డరింగ్ ఐరన్ కాస్త ఎక్కువసేపు ఉంచితే పూత పాడై బిళ్ళ మూగబోతుంది. మొదటి రోజు అలా ఐదు పోగొట్టుకున్నాను.

పీటలు బేగంబజార్‌లో కొన్నాం. మందంగా ఉండే టేకు పీట కంటే పల్చటి పీట బాగా పలుకుతుంది. పీట తిరగేసి, నట్టనడుమ బిళ్ళని అరల్డైట్‌తో అతికించండి. కింద గాలి సందు ఉండకూడదు, బిళ్ళ చెక్కకి పూర్తిగా అంటుకోవాలి. బిళ్ళ రెండు వైర్ల మధ్య ఒక మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టండి. ఎవరైనా గట్టిగా గుద్దితే ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీ వచ్చి బోర్డు దెబ్బతినకుండా 5.1 వోల్టుల జీనర్ డయోడ్ కూడా కలపండి.

ఈ వైర్లన్నీ ఆర్డువినో బోర్డుకి వెళ్తాయి. సెన్సర్లు చెప్పింది చదివి కంప్యూటర్‌కి అందించే చిన్న బోర్డు అది. అందులో రకాలున్నాయి, అందరూ ముందు కొనేది ఊనో. దానికి వోల్టేజీ ఎంతో కొలవగల పిన్నులు (అనలాగ్ పిన్నులు) ఆరే ఉంటాయి కాబట్టి పన్నెండు పీటలకి సరిపోదు. పదహారు పిన్నులున్న మెగా తీసుకోండి. దెబ్బ బలాన్ని బోర్డు 0 నుంచి 1023 దాకా అంకెగా చెబుతుంది. ఎంత అంకె దాటితే దెబ్బ అనుకోవాలో ప్రతి పీటకీ విడిగా కొలవాలి. మా పన్నెండు పీటల్లో ఏ రెండూ ఒకేలా లేవు. కొలిచేటప్పుడు మీ చేత్తో కొట్టి సరిపెట్టుకోవద్దు. ఐదేళ్ళ పిల్ల చేత, డెబ్భై ఏళ్ళ పెద్దావిడ చేత తట్టించి, వాళ్ళ మెల్లని దెబ్బకి కూడా చినుకు పడేలా పెట్టండి. ఒకసారి తట్టాక చెక్క ఇంకా కాసేపు అదురుతూనే ఉంటుంది, దాన్ని రెండో దెబ్బగా లెక్కపెట్టకుండా 80 మిల్లీసెకన్లు ఆ పీటని వదిలేయమని ప్రోగ్రాంలో రాయండి.

ఇక్కడ మిమ్మల్ని కచ్చితంగా ఏడిపించేది ఒకటుంది. మూడో పీట తడితే నాలుగోది కూడా పలుకుతుంది. సగం తప్పు నేలది. అదురు నేలలోంచి పక్క పీటకి పాకుతుంది. పాత హవాయి చెప్పులు ముక్కలుగా కోసి పీట కాళ్ళ కింద అతికించాం, చాలా తగ్గింది. మిగతా సగం బోర్డు లోపల ఉంది. పిన్నులన్నిటినీ కొలిచే భాగం లోపల ఒక్కటే, అది వంతులవారీగా చదువుతుంది. ముందు పిన్నులోని విద్యుత్తు కాస్త మిగిలిపోయి తర్వాతి పిన్నులో కనిపిస్తుంది. ప్రతి పిన్నునీ రెండుసార్లు చదివి మొదటి అంకె పారేస్తే ఇది పోతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది, మీకు పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

యూఎస్‌బీ వైరు ఐదు మీటర్లు దాటితే నమ్మలేం. అందుకే బోర్డుని తెర వెనక ల్యాప్‌టాప్ పక్కనే ఉంచి, పీటల దగ్గరికి షీల్డ్ ఉన్న ఆడియో వైరు లాగాం. బొమ్మలు గీసే పనికి ప్రాసెసింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కళాకారుల కోసమే 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. చెయ్యి పీట మీద పడ్డాక పదో వంతు సెకను లోపల చినుకు కనిపించాలి. అంతకన్నా ఆలస్యమైతే "నా చెయ్యే" అన్న నమ్మకం సడలుతుంది. కాబట్టి ప్రొజెక్టర్‌కి వైఫైతో పంపకండి, హెచ్‌డీఎంఐ వైరే వాడండి. ప్రొజెక్టర్ సెట్టింగుల్లో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉంటే పెట్టండి.

ఇక తెర. తెల్ల నూలు పంచె, వెనక నుంచి వెలుగు. తోలుబొమ్మలాటలో దీపం ఉండే చోట మేం ప్రొజెక్టర్ పెట్టాం. మేకతోలు పల్చగా గీకి రంగులద్దిన బొమ్మ కాబట్టి వెలుగు దానిలోంచి వస్తుంది. ప్రొజెక్టర్ నీలం వేస్తే బొమ్మ తడిసినట్టుంటుంది. తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టర్ పెట్టాలో చెప్పే అంకెని త్రో రేషియో అంటారు. మీ ప్రొజెక్టర్‌ది 1.5 అయితే మూడు మీటర్ల వెడల్పు తెరకి నాలుగున్నర మీటర్ల దూరం కావాలి, అంటే తెర వెనకే అంత గది ఉండాలి. హాలు మాట్లాడుకునే ముందు టేపు పట్టుకెళ్ళి కొలవండి. పంచె పల్చగా ఉంటుంది కాబట్టి ఎదురుగా పెడితే లెన్స్ వెలుగు ప్రేక్షకుల కళ్ళలో గుచ్చుకుంటుంది. బొమ్మలాడించేవాళ్ళ తలల మీదుగా ఎత్తు నుంచి వంచి వేయండి, వాళ్ళ నీడా పడదు.

మాతో ఆడేది తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య. మొదటి రిహార్సల్‌లో బొమ్మని తెరకి ఆనించి కాసేపు చూసి, "వెలుగు కదల్లేదమ్మా. దీపం ఊగితే బొమ్మకి పానం ఉన్నట్టుంటాది. ఇది గోడకి మేకు కొట్టినట్టుంది" అన్నారు. నేను పదిహేనేళ్ళుగా వెలుగుతో పనిచేస్తున్నదాన్ని, నాకు తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని ప్రొజెక్టర్ వెలుగుని దీపం వత్తిలా సన్నగా వణికించేలా రాశాను. మర్నాడు ఆయన చెట్టెక్కే తల్లి బొమ్మని పెట్టగానే, ఆమె చంకలో బిడ్డ కదిలినట్టు కనిపించింది. ఎవరూ కదపలేదు. సంప్రదాయ కళాకారులతో కలిసి పనిచేసేవాళ్ళు వాళ్ళని చివర్లో పిలవకండి. కథ రాసే రోజే పిలవండి. ప్రోగ్రామర్‌కి ఎంత ఇస్తారో వాళ్ళకీ అంతే ఇవ్వండి, రిహార్సల్ రోజులకి కూడా.

నీడలకీ ఈ కళకీ చుట్టరికం పాతదే. అమెరికాలో మైరన్ క్రూగర్ 1970ల్లోనే వీడియోప్లేస్ అనే పని చేశాడు. ప్రేక్షకుడి నీడే తెర మీదికి వెళ్ళి అక్కడి బొమ్మలతో ఆడుకునేది. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన ఊరి పంచె తెరే గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. మన జనం ముందు తట్టరు. పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని చూస్తారు. "దయచేసి పీటలు తట్టండి" అని మైకులో చెబితే ఇంకా బిగుసుకుంటారు. దీనికి మందు బుర్రకథలో ఉంది. కథకుడికి అటూ ఇటూ వంతలు ఉంటారు కదా, వాళ్ళు తందాన తాన అంటుంటే వినేవాళ్ళ నోరు కూడా కలుస్తుంది. మేం ఒక అమ్మాయిని ప్రేక్షకుల్లోనే కూర్చోబెడతాం. గది చీకటిగా, తెర ఖాళీగా ఉంటుంది. ఆ అమ్మాయి ఒక్కసారి తడుతుంది. ఒక్క చినుకు. ఆగుతుంది. మళ్ళీ తడుతుంది, తన పీటకి ఎదురుగానే ఇంకో చినుకు. మూడోసారికి పక్కనున్న మనిషి చెయ్యి లేస్తుంది. రెండు నిమిషాల్లో గది నిండా వాన. ఒక్కో పీటకి తెర మీద ఒక్కో చోటు కేటాయించడం అందుకే, ఎవరి చినుకు వాళ్ళు గుర్తుపట్టాలి. తట్టడం ఇష్టం లేనివాళ్ళని వదిలేయండి. చేయి పట్టి లాగడం వద్దు.

మెరుపుల విషయంలో జాగ్రత్త. సెకనుకి మూడుసార్ల కంటే ఎక్కువ వెలిగి ఆరే వెలుగు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు. మేం ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఐదు సెకన్లు ఉంచుతాం, తలుపు దగ్గర బోర్డు కూడా పెడతాం. వైర్లన్నీ టేపు వేసి నేలకి అంటించండి, చీకట్లో నడిచేది చెప్పుల్లేని కాళ్ళు. నేల మీద కూర్చోలేనివాళ్ళకి కుర్చీ వేసి, పీటని ముందు స్టూల్ మీద పెట్టండి. కరెంటు పోతే ఛార్జింగ్ లైటుతో పెద్దాయన ఆట నడిపిస్తారు. ఒకసారి అలాగే జరిగింది. కంప్యూటర్ లేకపోయినా జనం పీటలు తడుతూనే ఉన్నారు, చెక్క చప్పుడే వాన అయింది.

నీళ్ళు ఎంత వేగంగా పెరగాలన్నది పది మందితో ఆడించి చూస్తేగానీ తేలదు. మాకు నాలుగు నిమిషాలు కుదిరింది. అంతకన్నా త్వరగా వస్తే జనానికి బొమ్మల మీద మమకారం పుట్టదు. నీళ్ళు కొమ్మల దాకా వచ్చాక పాట ఆగిపోతుంది. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. కొందరు ఇంకా తడుతుంటారు, నీళ్ళు ఇంకా పెరుగుతాయి. ఒక్కొక్కరే చేతులు వెనక్కి తీసుకుంటారు. పోయిన ఆదివారం పదకొండు పీటలు ఆగిపోయాక ఆరేళ్ళ బాబు ఒకడు తడుతూనే ఉన్నాడు. వాడికి తన చినుకు ముద్దుగా ఉంది. పక్కన కూర్చున్న పెద్దావిడ, వాడికి ఏమీ కాని మనిషి, తన చెయ్యి మెల్లగా వాడి చేతి మీద పెట్టి "ఆగు నాన్నా, వాళ్ళు దిగాలి కదా" అంది. వాడు తెర వైపు చూశాడు. ఇరవై సెకన్లు ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నీళ్ళు ఒక్క వేలెడు తగ్గాయి.

ఆట అయ్యాక వెంటనే సర్దేయకండి. లైట్లు వేసి పీటలు తిరగేసి చూపించండి. మా దగ్గర పిల్లలు ఆ ఇత్తడి బిళ్ళని గోటితో గీకి చూస్తారు, ఇంట్లో పీటకి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. అలా అడిగేవాళ్ళకి ఇవ్వడానికి వైర్లు అతికించిన బిళ్ళలు నాలుగు సంచిలో ఉంచుకుంటాను.