నాటు కూలి మనిషి లెక్కన కాదు, ఎకరం లెక్కన అడగండి

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. ఇరవై ఏళ్లుగా నాట్లు వేస్తున్నాను. పన్నెండు మంది ఆడవాళ్ల ముఠా మాది. ఇదివరకు రోజు కూలికే పోయేవాళ్లం. పొద్దంతా బురదలో నడుం వంచిన మాకు ఒక రేటు, గట్టు మీది నుంచి నారు కట్టలు విసిరే మగమనిషికి దాదాపు రెట్టింపు. అడిగితే "అది మగపని కదమ్మా" అనేవాళ్లు.

తర్వాత బీహార్ నుంచి మగ ముఠాలు వచ్చాయి. వాళ్లు వేసిందీ ఆ నాటే. వాళ్ల దగ్గర మాత్రం ఎవరూ ఆడపని, మగపని అనలేదు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడారు. ఆ రోజు సద్ది తింటూ లెక్క వేసుకుంటే, అదే ఎకరానికి మాకు ముట్టేది వాళ్లకంటే బాగా తక్కువని తేలింది. అప్పటి నుంచి మేమూ గుత్తకే పోతున్నాం. మీరూ అడగండి.

ముందు మీ లెక్క మీ దగ్గర ఉండాలి. పోయిన సీజన్లో ఎకరం నాటడానికి ఎంతమంది పట్టారో నోటు పుస్తకంలో రాయండి. పదిమందికి ఒక రోజు పట్టి, మనిషికి 500 చొప్పున ఇస్తే ఎకరానికి 5,000. బయటి ముఠాకు ఎంత ఇస్తున్నారో కనుక్కుని దాని పక్కనే రాసుకోండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "అన్నా, నాటు ఒకటే కదా" అని అడిగితే చాలు.

మాట్లాడేది నారు పోసిన వారంలోపే. నారు ముదిరేదాకా ఆగితే రైతు భయపడి బయటి ముఠాకు ఫోన్ చేస్తాడు. నారు పీకడం గుత్తలో కలిసిందా, ఆటో కిరాయి ఎవరిది, డబ్బు ఏ రోజు ఇస్తారు, ఈ మూడూ అప్పుడే తేల్చుకోండి.

ఇక కొలత. మొదటి ఏడాది మేం మోసపోయింది ఇక్కడే. "ఎకరమేనమ్మా" అంటే నమ్మి నాటాం. తర్వాత కొలిస్తే 44 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కదా, నాలుగు గుంటలు ఊరికే నాటినట్టు. 5,000 గుత్తకు 500 పోయింది, ఒక మనిషి రోజు కూలి. అందుకే 33 అడుగుల నైలాన్ తాడు కొనుక్కున్నాం. నార తాడు తడిస్తే కొలత మారుతుంది, వద్దు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట. మడి పొడవు ఎన్ని తాళ్లో, వెడల్పు ఎన్ని తాళ్లో చూసి గుణిస్తే గుంటలు వస్తాయి. ఎనిమిది తాళ్ల పొడవు, ఐదు తాళ్ల వెడల్పు అయితే సరిగ్గా ఎకరం. ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం ఉంటే రెండు చివర్లా కొలిచి, కలిపి సగం చేయండి. గట్లు వదిలేసి, రైతు పక్కనుండగా, నాటుకు ముందే కొలవండి.

ఆడా మగా ఒకే తరహా పని చేస్తే కూలిలో తేడా ఉండకూడదని 1976 నుంచే చట్టం ఉంది. ఇప్పుడు అదే మాట 2019 వేతనాల కోడ్‌లో ఉంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. రైతు దగ్గర చట్టం తీస్తే "మీ పని వేరు, వాళ్ల పని వేరు" అంటాడు. ఎకరం లెక్కలో ఆ మాటకు చోటు లేదు. ఉపాధి హామీలో మట్టి కొలిచి ఆడా మగా అందరికీ ఒకే రేటు కట్టడం మనకు తెలిసిందే.

డబ్బు ముఠాలో ఇద్దరు కలిసి తీసుకోండి, ఎవరి భర్త చేతికీ ఇవ్వనీయకండి. అక్కడికక్కడే పంచి, పుస్తకంలో పేరు పేరునా రాయండి.

గుత్తలో ఒక చెడు ఉంది, దాచను. జోరు పెరుగుతుంది, పెద్దవాళ్లు వెనకబడతారు, "ఆమెను వదిలేద్దాం" అనే మాట వస్తుంది. మాలోనూ వచ్చింది. అరవై దాటిన మా చిన్నమ్మకు నడుం వంగదు. ఆమెను మేం వదల్లేదు. ఇప్పుడు గట్టు మీది నుంచి కట్టలు విసిరేది ఆమే. వాటా అందరితో సమానం.