కుట్లు తీసేదాకా కోన్ తీయకండి

ఈమధ్య తెలిసినవాళ్ళు తమ ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు రాత్రి అది నిద్రపోలేక అల్లాడుతోందని కుట్లు నాకకుండా మెడకు కట్టిన గరాటులాంటి కోన్ తీసేసి పడుకున్నారు. తెల్లారి చూస్తే కుట్లు ఊడి పేగు బయటికొచ్చి ఉంది. మళ్ళీ మత్తు, మళ్ళీ ఆపరేషన్. ఎలాగో బతికింది. కానీ ఆ సంగతి విన్న చుట్టుపక్కలవాళ్ళు ఇప్పుడు తమ కుక్కలకి ఆపరేషన్ అంటేనే వద్దంటున్నారు. వాటికి పుట్టబోయే పిల్లలు ఏ రోడ్డు మీద తేలతాయో వేరే చెప్పాలా?

ఆపరేషన్ ఎందుకు మంచిదో ఇక్కడ చెప్పబోవడం లేదు. చేయించాలని నిర్ణయించుకున్నవాళ్ళ కోసమే ఇది.

ఆపరేషన్‌కి ముందు

పిడుదులు పట్టిన కుక్కయితే రక్తపరీక్ష మీరే అడిగి చేయించండి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కోస్తే రక్తం ఒక పట్టాన ఆగదు. ఆడది ఎదకొచ్చి ఉంటే ముందే చెప్పండి. ఆ సమయంలో గర్భసంచికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి డాక్టరు కొన్నాళ్ళు ఆగమనవచ్చు. మగదైతే రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూపించండి. పొట్టలో ఉండిపోయినదాన్ని వదిలేస్తే తర్వాత కణితి అయ్యే ప్రమాదముంది.

పెద్దవాటికి ముందురోజు రాత్రి భోజనం తర్వాత ఇంకేమీ పెట్టకూడదు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్నపిల్లల్ని మాత్రం రాత్రంతా మాడ్చకండి, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలు ఆపాలో డాక్టరునే అడగండి. ఎవరైనా జాలిపడి ఒక బిస్కెట్టు పెట్టేస్తే మొహమాటపడకుండా ఆ మాట చెప్పి వాయిదా వేయించుకోండి.

ఇంటికి తెచ్చిన రోజు

మత్తు తర్వాత ఒళ్ళు చల్లబడుతుంది. నేల మీద మెత్తగా దుప్పటి పరిచి, గాలి తగలని చోట పడుకోబెట్టండి. మంచం మీద, సోఫా మీద వద్దు. తూలుతూ దూకేస్తాయి, పిల్లులైతే మరీను. పూర్తిగా తెలివొచ్చాకే తిండి, అదీ మామూలుగా తినేదాంట్లో సగం.

ఇక కోన్

మొదటి రెండు రోజులు ఎవరూ తీయరు. నొప్పితో అది కూడా ముడుచుకుని పడుకుంటుంది. మూడో రోజుకో ఐదో రోజుకో నొప్పి తగ్గి, తోక ఊపుతూ తిరుగుతుంది. పైకి చర్మం అతుక్కున్నట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే దురద మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళకి జాలీ మొదలవుతుంది. లోపలి కండ పొర అప్పటికింకా పచ్చిగానే ఉంటుంది. కుక్క ముందు నాకుతుంది, నాకి నాకి దారం మెత్తబడ్డాక ముందుపళ్ళతో చివర పట్టి లాగుతుంది. దానికి ఎక్కువసేపు పట్టదు.

నాకితే పుండు మానుతుందనే మాట పక్కన పెట్టండి. నాలుక గరుకు, నోటినిండా సూక్ష్మక్రిములు. కుట్లు తీసే రోజు దాకా, అంటే మామూలుగా 10 నుంచి 14 రోజులు, కోన్ ఉండాల్సిందే. హుషారుగా ఉన్నా ఉండాల్సిందే. రాత్రి కూడా, ముఖ్యంగా రాత్రే.

కోన్ అంచు ముక్కును దాటి ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. తినలేకపోతుంటే మీరు పక్కన కూర్చుని తీయండి, తినగానే పెట్టేయండి. మధ్యలో ఫోన్ మోగినా లేవకండి.

ఇకపై వరసగా రాసేస్తున్నా, చదివి గుర్తుపెట్టుకోండి.

మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

స్నానం వద్దు. కుట్ల మీద పసుపు వద్దు, పౌడరు వద్దు, నూనె వద్దు.

మెట్లు, పరుగులు, ఇంకో కుక్కతో ఆటలు, అన్నీ బంద్.

కోన్ తీయకండి.

మగదానికి అయిపోయింది కదా అని మర్నాడే ఆడదాని దగ్గర వదలకండి. లోపల మిగిలిన వీర్యకణాలతో ఇంకా కొన్ని వారాలు కడుపు చేయగలదు. నెలన్నర వేరుగా ఉంచండి.

ఆడపిల్లి ఇంకా చిన్నదేలే అని ఆగకండి. నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. తోడబుట్టినవని కూడా చూడవు. పిల్లలకి పాలిస్తూనే మళ్ళీ కడుపు కట్టగలదు.

ఎద ఆపే ఇంజెక్షన్లు వేయించి నెట్టుకురాకండి. గర్భసంచిలో చీము పట్టే ప్రమాదముంది.

వీధి కుక్కని ఆపరేషన్‌కి పట్టించేముందు పొదుగు చూడండి. పాలుంటే పిల్లలు ఎక్కడో ఉన్నట్టే, ముందు వాటిని వెతకండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయిందని అర్థం, వదిలేయండి. వీధిలో కోన్‌ను కాపలా కాసేవాళ్ళు ఎవరూ ఉండరు, గాయం గట్టిపడేదాకా ఆపరేషన్ చేసిన చోటే ఉంచమని పట్టుబట్టండి. తర్వాత పట్టుకున్న చోటే వదలండి.

చిగుళ్ళు తెల్లబడినా, కుట్ల నుంచి రక్తం కారుతున్నా, వాసన వస్తున్నా, మర్నాటికీ ఏమీ తినకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టరు నంబరు ముందే రాసిపెట్టుకోండి. పేగు కనిపిస్తే లోపలికి తోయకండి. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, నోరు అందకుండా పట్టుకుని, వెంటనే బయల్దేరండి.