క్వార్టర్‌బ్యాక్ గొప్పా, సిస్టమ్ గొప్పా? తేల్చుకోవడం ఎలా

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య ఏటా సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఒక గొడవ నడుస్తూనే ఉంటుంది. ఎవరో ఒక క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు (టీమ్‌లో బంతి అందుకుని పాసులు విసిరేవాడు) సీజన్‌లో 4,500 యార్డులు విసురుతాడు. సగం మంది "వీడే నెక్స్ట్ సూపర్‌స్టార్" అంటారు, మిగతా సగం "అదంతా సిస్టమ్ అండీ, ఆ కోచ్ దగ్గర ఎవరాడినా అంతే" అని కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటల్లో ఏదైనా అనెయ్యడం తేలికే, అందులో కుర్రాడి వాటా ఎంత, కోచ్ ఆడించే పద్ధతి, అదే సిస్టమ్, వాటా ఎంత అని విడదీసి చూడటమే కష్టం. నేను చూసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అమెరికాకి చదువుకోడానికి వచ్చి, స్టూడెంట్ టికెట్ మీద మొదటి మ్యాచ్ చూసి ఈ పిచ్చిలో పడ్డవాళ్ళకి కూడా పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మొత్తం అంకెల్లో సింహభాగం సిస్టమ్‌దే. ఆటగాడి సొంత సరుకు ఆ అంకెల్లో పెద్దగా కనపడదు, వేరే చోట వెతకాలి.

మొదటి పని, ఆ కుర్రాడు ఆడుతున్న సిస్టమ్ ఏం చేస్తుందో తెలుసుకోవడం. అన్నీ నేర్చుకోనక్కర్లేదు, ఒక్కటి బాగా తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. ఎయిర్ రెయిడ్ తీసుకోండి. హాల్ మమ్మీ, మైక్ లీచ్ అనే ఇద్దరు కోచ్‌లు అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టి, వాల్డోస్టా స్టేట్, కెంటకీ మీదుగా పైకి తెచ్చిన పద్ధతి ఇది. తర్వాత లీచ్ 2000 నుంచి 2009 దాకా టెక్సస్ టెక్‌లో దీన్ని నడిపాడు. ప్లేలు (ముందే గీసిపెట్టుకున్న ఎత్తులు) కొన్నే ఉంటాయి, కానీ వాటినే రోజూ నిద్రలో కూడా ఆడగలిగేంతగా ప్రాక్టీస్ చేయిస్తారు. అందులో మెష్ అనే ప్లే చూడండి: ఇద్దరు రిసీవర్లు (పాసులు పట్టుకునేవాళ్ళు) చెరో పక్క నుంచి బయల్దేరి, ప్లే మొదలయ్యే లైన్‌కి ఐదారు యార్డుల అవతల ఒకరి చెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా దాటిపోతారు. వాళ్ళని అంటిపెట్టుకుని పరిగెత్తే డిఫెండర్లు ఒకళ్ళకొకళ్ళు అడ్డంపడి వెనకబడతారు. డిఫెన్స్ జోన్‌లో ఉంటే, అంటే మనిషిని కాకుండా చోటుని కాపలా కాస్తుంటే మాత్రం రిసీవర్లు పరుగు ఆపి, ఖాళీ దొరికిన చోట క్వార్టర్‌బ్యాక్ వైపు తిరిగి నిలబడతారు. ముందు ఎవర్ని చూడాలి, వాడు దొరక్కపోతే ఎవర్ని చూడాలి అన్నది క్వార్టర్‌బ్యాక్‌కి ముందే కంఠతా వచ్చి ఉంటుంది. అంటే ఆలోచనలో చాలా భాగం మంగళవారం ప్రాక్టీస్‌లోనే అయిపోయింది, మ్యాచ్ రోజైన శనివారం చెయ్యాల్సింది టైముకి విసరడం. అదేమీ చిన్న పని కాదు, కానీ ఖాళీగా దొరికిన రిసీవర్‌ని ఆ కుర్రాడే సృష్టించాడనుకోవడం మాత్రం పొరపాటు.

ఇది తెలిశాక అసలు పరీక్ష. అదే కోచ్ దగ్గర, అదే కుర్చీలో వీడికి ముందు ఎవరు కూర్చున్నారు, తర్వాత ఎవరు కూర్చున్నారు? టెక్సస్ టెక్‌లో 2003లో బి.జె. సైమన్స్ 5,833 యార్డులు, 52 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి ఎండ్‌జోన్‌కి చేర్చడం) కొట్టాడు, ఒక సీజన్ యార్డుల్లో అప్పటికి అది రికార్డు. సైమన్స్ వెళ్ళిపోయాడు. 2004లో సన్నీ కంబీ వచ్చి 4,742 కొట్టాడు. ఆయనా వెళ్ళిపోయాడు. 2005లో కోడీ హాడ్జెస్, 4,238. ముగ్గురూ ఒక్కొక్క సీజన్ మాత్రమే స్టార్టర్లు. ఆ తర్వాత గ్రాహమ్ హారెల్ 2007లో 5,705 కొట్టాడు. మనుషులు మారుతున్నా నాలుగు వేలు ఎక్కడా తగ్గకపోతే, ఆ నాలుగు వేలు కుర్చీవి. మీరు చూడాల్సింది ఆ కనీస మట్టం మీద వీడు ఎంత ఎక్కువ ఆడాడు అన్నది. ఫ్లాట్ పిచ్ మీద సెంచరీ కొట్టిన బ్యాటర్‌ని లెక్కేసేటప్పుడు అదే ఇన్నింగ్స్‌లో ఇంకో ముగ్గురు సెంచరీలు కొట్టారా లేదా అని చూస్తాం కదా, అలాగే.

దీన్ని తిప్పి కూడా చూడాలి. కుర్రాడు అక్కడే ఉండి సిస్టమ్ మారితే ఏమైంది? జో బరో కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో 2018లో 2,894 యార్డులు, 16 టచ్‌డౌన్లు, పూర్తయిన పాసులు 57.8 శాతం. ఫర్వాలేదు అనిపించే క్వార్టర్‌బ్యాక్, అంతే. 2019లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. ఐదుగురు ఆటగాళ్ళని పాస్ రూట్లలోకి పంపించే స్ప్రెడ్ పద్ధతి పెట్టారు. అదే బరో 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్లు, 76.3 శాతం. టీమ్ 15 మ్యాచ్‌లకి 15 గెలిచి చాంపియన్ అయింది. "చూశారా, సిస్టమే" అనొచ్చు. కానీ ఆ ఏడాది రిసీవర్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ చేస్ కూడా ఒక్కసారిగా ఎదిగారు, బరోకి కూడా ఒక ఏడాది అనుభవం పెరిగింది. 2020లో ఎల్‌ఎస్‌యూ 5-5తో ముగించింది, నిజమే, కానీ అప్పటికి బరో, బ్రేడీ, జెఫర్సన్ ముగ్గురూ లేరు, చేస్ ఆ సీజన్ ఆడనన్నాడు. అన్నీ ఒకేసారి మారినప్పుడు ఏది దేనివల్ల జరిగిందో స్కోర్‌బోర్డు చెప్పదు. ఇక్కడ ఆగిపోయి ఆట చూడాలి, దాని గురించి కింద చెప్తాను.

ట్రాన్స్‌ఫర్లు ఇప్పుడు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఈ పరీక్ష పెట్టడం తేలికైంది, కానీ ఒక మెలిక ఉంది. కుర్రాడు కాలేజీ మారితే సిస్టమ్ కూడా మారిందనుకోకండి. బెయిలీ జాపీ 2021లో వెస్టర్న్ కెంటకీలో 5,967 యార్డులు, 62 టచ్‌డౌన్లు కొట్టాడు, రెండూ ఒక సీజన్ రికార్డులే. అంతకుముందు ఏడాది హ్యూస్టన్ బాప్టిస్ట్‌లో ఉన్నాడు. మరి కొత్త చోట కూడా ఇరగదీశాడు కదా అంటే, ఆయనతో పాటు అక్కడి అఫెన్సివ్ కోఆర్డినేటర్ జాక్ కిట్లీ వచ్చాడు, రిసీవర్ జెరెత్ స్టర్న్స్ వచ్చాడు. ఇల్లు మారినా సామానంతా వెంట తెచ్చుకున్నాడన్నమాట. అలాంటి మార్పు పరీక్ష కిందకి రాదు. బో నిక్స్ సంగతి వేరు. ఆబర్న్‌లో మూడేళ్ళు 60 శాతం అటూ ఇటూ పాసులు పూర్తి చేస్తూ, అప్పుడప్పుడు మెరుస్తూ, అప్పుడప్పుడు తలపట్టుకునేలా చేస్తూ ఆడాడు. ఆరెగాన్ వెళ్ళాక 2023లో 77.4 శాతం, 45 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళు పట్టేసిన పాసులు). ఇది వేరే కోచ్‌లు, వేరే పద్ధతి, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే మెరుగైన లైన్. కాబట్టి ఇక్కడ తేడాలో పెద్ద ముక్క పరిస్థితులకే రాస్తాను నేను, మిగతాది ఐదేళ్ళు ఆడిన అనుభవానికి.

అంకెలు చూడక తప్పదంటారా, సరే, అయితే మొత్తం యార్డులు పక్కన పెట్టి పాస్‌కి ఎన్ని యార్డులో చూడండి. సైమన్స్ 5,833కి 719 సార్లు విసిరాడు, అంటే పాస్‌కి 8.1. బరో 2019లో 527 సార్లు విసిరాడు, పాస్‌కి 10.8. మొత్తం చూస్తే సైమన్స్ పైన, ఇలా చూస్తే బరో దగ్గరికి కూడా రాడు. ఇంకో విషయం, లైన్ వెనకాలే ఇచ్చిన స్క్రీన్ పాస్ పట్టుకుని రిసీవర్ 70 యార్డులు పరిగెత్తినా ఆ యార్డులన్నీ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడతాయి. సాక్‌లో (విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పోయిన యార్డులు మాత్రం కాలేజీ లెక్కల్లో రన్నింగ్ ఖాతాలోంచి కోస్తారు. కాబట్టి బంతి పట్టుకుని ఆలోచిస్తూ సాక్‌లు తినే కుర్రాడి పాసింగ్ అంకెలు శుభ్రంగానే కనపడతాయి.

ఆప్షన్ టీమ్‌లకి (ఎక్కువగా పరుగుతోనే ఆడేవి) ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. నేవీలో కీనన్ రెనాల్డ్స్ తన కెరీర్లో 88 రన్నింగ్ టచ్‌డౌన్లు కొట్టాడు, ప్రతి స్నాప్‌కి (బంతి చేతికొచ్చి ప్లే మొదలవడం) క్షణంలో బంతి ఇంకొకరికి ఇవ్వాలా ఉంచుకోవాలా అని నిర్ణయాలు తీసుకున్నాడు, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట) మాత్రం రిసీవర్‌గా తీసుకున్నారు. సిస్టమ్ కొందరిని ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తే, కొందరిలో ఏముందో చూపించనే చూపించదు.

ఇక చూడటం. ప్లే అనుకున్నట్టు జరిగినప్పుడు మీరు చూస్తున్నది ఎక్కువగా కోచ్‌ని. అనుకున్నది చెడినప్పుడు చూస్తున్నది ఆటగాడిని. అందుకే మొదటి డౌన్‌లో (10 యార్డులకి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కోటి ఒక డౌన్) 8 యార్డుల పాసుల గురించి నేను పట్టించుకోను. థర్డ్ డౌన్, 9 యార్డులు కావాలి, మొదటి రిసీవర్‌ని మూసేశారు, పాకెట్ (చుట్టూ లైన్ కట్టిన రక్షణ) కూలిపోతోంది, అప్పుడు కళ్ళు ఎటున్నాయి? కొందరు మీదకొచ్చే డిఫెండర్‌ని చూసి తల దించేస్తారు. కొందరు కాళ్ళు కదుపుతూనే మైదానం చూస్తూ ఉంటారు. 2019లో జార్జియాతో ఎస్‌ఈసీ (ఎల్‌ఎస్‌యూ ఆడే కాన్ఫరెన్స్) చాంపియన్‌షిప్‌లో బరో మీదకొచ్చినవాళ్ళని తప్పించుకుంటూ అటూ ఇటూ తిరిగి, పరిగెడుతూనే జెఫర్సన్‌కి విసిరాడు, అది 71 యార్డుల ప్లే అయింది. అది ఏ ప్లేబుక్‌లోనూ ఉండదు. 2018 బరోలో కూడా ఈ గుణం కనపడేది, అంకెలే కనపడేవి కావు. పై పరీక్ష తేల్చలేనిది ఇలాంటి చోట తేలుతుంది.

తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ అయిన పాట్రిక్ మహోమ్స్ సంగతీ అంతే. టెక్సస్ టెక్ కుర్చీ, లీచ్ దగ్గరే ఆడిన క్లిఫ్ కింగ్స్‌బరీ కోచ్, 2016లో 5,052 యార్డులు, టీమ్ మాత్రం 5-7. కుర్చీ పరీక్ష ఒక్కటే పెడితే "ఇంకో సైమన్స్" అని పక్కన పడేసేవాళ్ళం. ఆ అక్టోబర్లో ఓక్లహోమాతో మ్యాచ్‌లో 88 సార్లు విసిరి 734 యార్డులు కొట్టి, 66-59తో ఓడిపోయాడు. అవతలి పక్క బేకర్ మేఫీల్డ్ 7 టచ్‌డౌన్లు కొట్టాడు, ఆయన కూడా 2013లో ఇదే టెక్‌లో ఇదే కుర్చీలో కూర్చున్నవాడే. (ఆ రోజు డిఫెన్స్ కోచ్‌లు ఇద్దరూ ఏం తిని పడుకున్నారో!) ఆ 734 చూసి మురిసిపోతే లాభం లేదు. పరిగెడుతూ, కాళ్ళు కుదరకుండా, చెయ్యి పక్కవాటంగా తిప్పి, దూరాన ఉన్నవాడికి గురి తప్పకుండా విసిరినవి చూడాలి. సైమన్స్‌ని ఏడో రౌండ్‌లో తీసుకున్నారు, హారెల్‌ని ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, మహోమ్స్ కోసం కాన్సస్ సిటీ డ్రాఫ్ట్ వరసలో 27వ స్థానం నుంచి 10కి ఎక్కింది. అంటే కొందరికి ఆ తేడా ముందే కనిపించింది.

అలాగని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏమైందో చూసి వెనక్కి తీర్పు చెప్పకండి, అది వేరే ఆట. కాలేజీలో హ్యాష్ గీతల (ప్లేకి ముందు బంతి పెట్టే చోటుకి హద్దులు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక పక్క గీత మీద పెడితే కాలేజీలో అవతలి పక్క బోలెడు ఖాళీ, అక్కడ అంత దొరకదు. పాస్ ప్లేలో లైన్‌మెన్ కాలేజీలో 3 యార్డులు ముందుకెళ్ళొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 యార్డే. రన్నా పాసా అన్నది స్నాప్ తర్వాత తేల్చే ప్లేలు కాలేజీలో అంత బాగా పేలడానికి ఇదొక కారణం. 1990లో హ్యూస్టన్‌లో రన్ అండ్ షూట్ పద్ధతిలో 54 టచ్‌డౌన్ పాసులు కొట్టిన డేవిడ్ క్లింగ్లర్, 1992లో ఆరో పిక్‌గా సిన్సినాటికి వెళ్ళి నిలదొక్కుకోలేకపోయాడు. దానివల్ల 1990 అబద్ధం అయిపోదు. ఆ పద్ధతిని దానికి కావలసినట్టు ఆడటం కూడా పనితనమే, కాకపోతే అది వేరే ఉద్యోగం.

ఒక ఇబ్బంది ఉంది, టీవీలో ఇదంతా సరిగ్గా కనపడదు. కెమెరా బంతి వెంటే ఉంటుంది, స్నాప్ కాగానే దూరంగా పరిగెత్తే రిసీవర్లు ఫ్రేమ్ బయటికి పోతారు. స్టేడియానికి వెళ్తే ఎండ్‌జోన్ వెనక పైవరసల్లో టికెట్ తీసుకోండి, చవక కూడా. ఇంట్లో అయితే ఎండ్‌జోన్ వైపు నుంచి చూపించే రీప్లే కోసం ఆగండి. అందులో బంతి ఎక్కడ పడిందో చూడకండి. విసిరే ముందు హెల్మెట్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒక్కసారి కూడా తిరక్కుండా విసిరితే ఆ పాస్ ఎక్కడికి వెళ్ళాలో సైడ్‌లైన్ మీదే నిర్ణయమైపోయి ఉండొచ్చు. రెండు మూడుసార్లు తిరిగి, అప్పుడు విసిరితే ఆ కుర్రాడి పేరు రాసిపెట్టుకోండి.