పిత్తామ్ల రిఫరెన్స్ స్టాండర్డ్: ఫలితాలు తప్పినప్పుడు లోపాన్ని వెతకడం

సీరంలోని పిత్తామ్లాలను (కాలేయం తయారుచేసే పిత్తరసంలోని ఆమ్లాలు) ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌తో, అంటే ద్రవ క్రోమటోగ్రఫీతో వేరుచేసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరంతో, కొలిచే ప్రయోగశాలల్లో ఫలితం తేడాగా వస్తే మొదట పరికరాన్ని అనుమానించడం అలవాటు. నా అభిప్రాయంలో మొదట చూడవలసినది స్టాండర్డ్ (కొలతకు ఆధారంగా తీసుకునే, శుద్ధత తెలిసిన పదార్థం) సీసా, దానితో వచ్చిన సర్టిఫికెట్, తూకం పుస్తకం. గర్భిణుల్లో వచ్చే కొలెస్టాసిస్‌లో (పిత్త ప్రవాహం మందగించే జబ్బు) మొత్తం పిత్తామ్లాలు లీటరుకు 100 మైక్రోమోల్ చేరితే మృతశిశు జననం ముప్పు పెరుగుతుంది కనుక, 92 ఉన్న చోట 101 అని నివేదిక ఇవ్వడం చిన్న పొరపాటు కాదు.

సమస్య 1: క్యూసీ నమూనాలన్నీ (విలువ ముందే తెలిసిన తనిఖీ నమూనాలు), తక్కువ స్థాయి నుంచి ఎక్కువ స్థాయి వరకు, ఒకే శాతంలో ఎక్కువగా వస్తున్నాయి.

అన్ని స్థాయుల్లోనూ తేడా ఒకే నిష్పత్తిలో ఉంటే అది కాలిబ్రేషన్ కర్వ్ (తెలిసిన గాఢతలకు వచ్చే సంకేతాల గీత) వాలులోని దోషం. అంటే స్టాక్ ద్రావణంలో (స్టాండర్డ్‌ను తూచి కరిగించిన చిక్కని ద్రావణం) మనం రాసుకున్నంత పదార్థం నిజంగా లేదు. గ్లైకోకీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాన్నే తీసుకుందాం. ఆమ్లరూపం అణుభారం 449.6, సోడియం లవణానిది 471.6. ఆమ్లం పేరుతోనే పిలుస్తున్నా సీసాలో ఉన్నది తరచుగా సోడియం లవణమే. 10 మి.గ్రా. లవణాన్ని తూచి 10 మి.గ్రా. ఆమ్లంగా లెక్క కడితే నిజంగా ఉన్నది 9.53 మి.గ్రా. మాత్రమే. ఆ లవణం 5 శాతం నీటిని కూడా పట్టి ఉంటే మిగిలేది 9.06 మి.గ్రా.; అప్పుడు రోగుల ఫలితాలన్నీ సుమారు 10 శాతం ఎక్కువగా వస్తాయి.

సర్టిఫికెట్‌లో ఉన్న శుద్ధత విలువ దేనిని సూచిస్తుందో చదివి తెలుసుకోవాలి. క్రోమటోగ్రఫీలో శిఖరాల వైశాల్యం ఆధారంగా చెప్పిన 99 శాతం నీటినీ, సోడియంనూ, మిగిలిపోయిన ద్రావకాన్నీ లెక్కలోకి తీసుకోదు. పైగా పిత్తామ్లాలు 200-210 నానోమీటర్ల దగ్గర తప్ప అతినీలలోహిత కాంతిని దాదాపుగా గ్రహించవు కనుక, ఆ వైశాల్యాల మీద పూర్తి భరోసా పెట్టుకోలేము. కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేల్చిన నీటి శాతం, వీలైతే ఎన్‌ఎంఆర్‌తో (పరమాణు కేంద్రకాల అయస్కాంత సంకేతాలను కొలిచే పద్ధతి) నిర్ణయించిన ద్రవ్యరాశి భాగం ఇచ్చే, ఐఎస్‌వో 17034 (రిఫరెన్స్ పదార్థాల తయారీదారుల ప్రమాణం) గుర్తింపు ఉన్న తయారీదారు స్టాండర్డ్‌ను ఎంచుకోవడం మంచిది. విలువ ఎండబెట్టిన పదార్థానికా, ఉన్నది ఉన్నట్టుగా తూచిన పదార్థానికా అన్నదీ ముఖ్యమే. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తెరవాలి. విశాఖపట్నం వంటి తేమ గాలి ఉన్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. లెక్క సరిచేశాక, వేరే లాట్ (తయారీ విడత) నుంచి వేరొకరు విడిగా తూచి చేసిన స్టాక్‌తో పోల్చి చూడండి.

సమస్య 2: ఫలితాలు ఒక రోజు సరిగ్గా, మరొక రోజు ఐదారు శాతం తక్కువగా వస్తున్నాయి.

మిథనాల్ ఘనపరిమాణం ఒక్కో డిగ్రీకి సుమారు 0.12 శాతం మారుతుంది. 25 డిగ్రీల వద్ద తయారుచేసిన స్టాక్‌ను −20 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పైపెట్‌తో కొలిస్తే, ఆ చల్లని ద్రవంలో 5 శాతానికి పైగా ఎక్కువ పదార్థం వచ్చేస్తుంది. కాలిబ్రేటర్లు (స్టాక్‌ను పలుచన చేసి తయారుచేసే, గాఢత తెలిసిన ద్రావణాలు) రాసినదానికంటే చిక్కగా ఉండి ఫలితాలు తగ్గుతాయి. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగి, బాగా కలిపి, పైపెట్ చివరను ముందుగా అదే ద్రవంతో తడిపి కొలవాలి. ఫలితాలు నెలల తరబడి మెల్లగా తగ్గుతూ పోతుంటే మూత వదులై మిథనాల్ ఆవిరవుతోందేమో చూడాలి. ప్రతి వాడకం ముందూ వెనుకా సీసాను తూచి రాస్తే ఇది వెంటనే బయటపడుతుంది.

సమస్య 3: కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం విలువలు నమ్మశక్యంగా లేవు.

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. కీనోడీఆక్సీకోలిక్, డీఆక్సీకోలిక్, అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లాలు మూడింటి అణుభారం 392.6. నెగెటివ్ అయాన్ పద్ధతిలో ఇవి సులువుగా ముక్కలు కావు కనుక చాలా పద్ధతులు 391 నుంచి 391 అనే మార్పునే, అంటే ముక్క కాని అయాన్‌నే, అనుసరిస్తాయి. అందువల్ల వీటిని వేరు చేసే భారమంతా కాలమ్ (క్రోమటోగ్రఫీలో పదార్థాలను వేరుచేసే గొట్టం) మీదనే పడుతుంది. మూడింటినీ విడివిడిగా ఇంజెక్ట్ చేసి నిలుపుదల సమయాలు తేల్చుకోకుండా మిశ్రమాన్ని నమ్మకూడదు. రెండో కారణం, అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లాన్ని కీనోడీఆక్సీకోలిక్ నుంచే తయారుచేస్తారు కనుక అందులో ఆ పూర్వపదార్థం కొంత మిగిలి ఉండవచ్చు. విడి ఇంజెక్షన్‌లో అది కనిపిస్తే, ఆ మేరకు కాలిబ్రేటర్ విలువలను సవరించాలి, లేదా ఇంకా శుద్ధమైన లాట్ తేవాలి.

సమస్య 4: తక్కువ స్థాయిలో మాత్రమే కర్వ్ వంగుతోంది.

లిథోకోలిక్ వంటి నీటిలో సరిగా కరగని ఆమ్లాల విషయంలో ప్లాస్టిక్ గోడలను అనుమానించండి. పలుచన ద్రావణాల్లో మిథనాల్ పాలు పెంచి, గాజు వయల్స్ వాడాలి. అన్ని ఆమ్లాలకూ శూన్యస్థాయిలో సంకేతం వస్తుంటే కాలిబ్రేటర్ల తయారీకి వాడే, బొగ్గుతో శుద్ధిచేసిన సీరంలో పిత్తామ్లాలు మిగిలి ఉన్నట్టే. దానిని వాడే ముందు విడిగా పరీక్షించాలి.

సమస్య 5: టారిన్ జోడించిన ఆమ్లాలు బాగానే ఉన్నాయి, గ్లైసిన్ జోడించినవీ, ఏదీ జోడించనివీ మాత్రం పాత స్టాక్‌లో తగ్గుతున్నాయి.

ఫార్మిక్ ఆమ్లం కలిపిన మిథనాల్‌లో ఎక్కువ కాలం నిలవ ఉంచితే కార్బాక్సిల్ సమూహం ఉన్న ఈ ఆమ్లాలు కొంతమేర మిథైల్ ఎస్టర్లుగా మారవచ్చు. ద్రవ్యరాశి 14 పెరిగి, నెగెటివ్ పద్ధతిలో అవి దాదాపు కనిపించవు. తాజా స్టాక్‌ను పాతదాని పక్కన నడిపి తగ్గుదల నిర్ధారించుకోండి. ఇకపై స్టాక్‌ను ఆమ్లం లేని మిథనాల్‌లో చేసి, చిన్న వయల్స్‌గా పంచి ఫ్రీజర్‌లో ఉంచి, ఆమ్లాన్ని విశ్లేషణ రోజు చివరి పలుచన దశలోనే కలపండి.