ఆషాఢంలో జిమ్ములో చేరుతున్నారా? ముందు చెవుల సంగతి చూసుకోండి

శ్రావణం పెళ్ళిళ్ళు దగ్గరకొస్తున్నాయంటే మా భీమవరంలో ఆషాఢంలోనే జిమ్ములు నిండిపోతాయి. పెళ్ళికొడుకులు, వాళ్ళ బాబాయిలు, మేనకోడలి పెళ్ళికి పాత జాకెట్లు మళ్ళీ ఒంటికి పట్టాలని చేరే నాలాంటి మేనత్తలు, అందరూ ఒకేసారి. పైగా వానాకాలం కాబట్టి జల్లు కొట్టకుండా షట్టరు సగం దించేస్తారు. చుట్టూ అద్దాలు, కింద టైల్సు, పైన రేకులు, మధ్యలో రెండు పెద్ద స్పీకర్లు. ఆ సౌండ్ బయటికి పోయే దారే ఉండదు, గోడకి కొట్టుకుని మళ్ళీ మన మీదకే వస్తుంది.

నా చెవులు సున్నితం. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళి ఊరేగింపులో డీజే బండి పక్కన నడిచాను, రెండు రోజులు చెవిలో కీచురాయి దూరినట్టే ఉంది. ఆ మోత పోయింది గానీ, సింకులో స్టీలు గరిటె పడితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకని ఇదంతా పడి నేర్చుకున్నదే.

చేరేముందు ఒకరోజు ఊరికే వెళ్ళి చూసి రండి, అదీ మీరు రోజూ వెళ్ళబోయే టైముకే. పొద్దున్న 11కి వెళ్ళి ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని ఏడాది ఫీజు కట్టేసి, సాయంత్రం 7కి వెళ్ళి లబోదిబోమన్నదాన్ని నేనే. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ 85 డెసిబెల్స్ దాటిందనుకోవచ్చు. ఫోన్లో కొలిచే యాప్‌లున్నాయి, ఐఫోన్‌కైతే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్ళది ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు ఫోన్‌కో లెక్క చెబుతాయి, అటూఇటూగా తీసుకోండి.

లెక్క ఏంటంటే, 85 దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్ణుంచి 3 పెరిగినప్పుడల్లా టైము సగం అవుతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలే. మూడేగా పెరిగింది అనిపిస్తుంది కానీ ఆ మూడుకే శబ్దం శక్తి రెట్టింపవుతుంది. ఇదీ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళ కోసం వేసిన లెక్క, మనలాంటి చెవులకి ఇంకా తగ్గించుకోవాలి. లోపలి చెవిలో సన్నటి రోమాల్లాంటివి ఉన్న కణాలుంటాయి. ఒక్క గాలికి వాలిన వరిచేను లేచినట్టు అవీ కొంత తేరుకుంటాయి, మళ్ళీ మళ్ళీ పడితే చచ్చిపోతాయి, మనుషుల్లో కొత్తవి పుట్టవు.

ఇక ఇయర్ ప్లగ్గులు. దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్ళున్నారు, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మెత్తటి ఫోమ్ ప్లగ్గులు కొనండి, పెట్టుకోవడం మాత్రం నేర్చుకోవాలి. తడి లేని చేత్తో ప్లగ్గుని వత్తిలా సన్నగా, ముడతలు పడకుండా నలపాలి. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి డొప్పని పైకీ వెనక్కీ లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు దూర్చి, అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. అది ఉబ్బి చెవికి పట్టేటప్పుడు చుట్టూ సందడి మెల్లమెల్లగా దూరం జరిగినట్టు ఉంటుంది, అలా జరగలేదంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట, తీసి మళ్ళీ పెట్టండి. అట్ట మీద 32 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసి ఉన్నా నిజంగా దక్కేది సగం కంటే తక్కువే అనుకుని లెక్క వేసుకోండి.

ప్లగ్గులతో ట్రెడ్‌మిల్ ఎక్కితే మన అడుగులే బుర్రలో దబ్ దబ్‌మని మోగుతాయి. నేనైతే సైకిల్‌కి మారిపోయాను. ఇంకోటి, వెనక నుంచి ఎవరైనా బరువుల ప్లేటు మోసుకొస్తూ జరగమంటే వినపడదు, కాబట్టి అద్దం వైపు తిరిగి చెయ్యండి. బరువులు దబ్బున పడేసే మూలకి మాత్రం వెళ్ళొద్దు, ఆ చప్పుడు పాటకంటే పాడు.

పాట వినపడకుండా సొంత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకా గట్టిగా వినే పని అస్సలు పెట్టుకోవద్దు, పైనున్న మోతకి ఇదొకటి తోడు.

మన డెల్టా ఉక్కకి చెవిలో చెమ్మ ఆరదు, వానాకాలంలో ఫంగస్ తొందరగా పడుతుంది. చెమట పట్టిన ప్లగ్గుని బ్యాగులో పడేసి మర్నాడు మళ్ళీ పెట్టుకోకండి. ఫోమ్‌వి మురికైతే పారెయ్యండి, సిలికాన్‌వైతే సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వండి. దురద పెడుతోందని పిన్నీసు పెట్టి తిప్పే అలవాటు మానుకోండి. చెవి కారుతుంటే మాత్రం ప్లగ్గులొద్దు, డాక్టరుకి చూపించాలి.

సౌండ్ తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. నేను అడిగితే కోచ్ కుర్రాడు, "పాట లేకపోతే కుర్రాళ్ళకి బరువు లేవదండి అక్కా" అన్నాడు. "తీసెయ్యమనలేదు తమ్ముడూ, సైకిళ్ళ వైపు తిప్పిన ఆ స్పీకరు గోడవైపు తిప్పు చాలు" అన్నాను. తిప్పాడు. పూర్తిగా తగ్గలేదు గానీ గంట కూర్చోగలుగుతున్నాను.

ఒక్కటి, భయపడి ఇంట్లో కూడా రోజంతా ప్లగ్గులు పెట్టుకుని తిరగొద్దు. అలా చేస్తే చెవి ఇంకా సున్నితమైపోతుంది, మామూలు కుక్కరు విజిల్ కూడా తట్టుకోలేరు. నేను ఒక నెల ఆ పొరపాటు చేశాను.

జిమ్ము నుంచి వచ్చాక గీమంటున్నా, మాటలు దుప్పటి కప్పుకుని విన్నట్టున్నా ఆ రోజుకి చెవులకి సెలవు, టీవీ కూడా వద్దు. మర్నాటికీ తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇక పొద్దున్న లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేసిందంటే అదేరోజు వెళ్ళాలి, ఆ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. జలుబు చేసిందిలే అని వేడి నూనె పోసుకుని కూర్చోకండి.