రెడ్ లైట్ ప్యానెల్ కొన్నారా? ముందు టైమర్ పెట్టండి

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌లో మూడిళ్లలో, చర్మానికీ నొప్పులకీ ఎర్ర కాంతి పెట్టుకునే రెడ్ లైట్ ప్యానెళ్లున్నాయి, రెండు అప్పుడే బీరువా మీదకెక్కేశాయి. ఎంత దూరంలో, ఎంతసేపు పెట్టాలో తెలీకుండా కొనేస్తే అంతే మరి.

ఎర్రగా వెలిగితే చాలదు, పెట్టె మీద నానోమీటర్లు, అంటే కాంతి తరంగం పొడవు, చూడండి. 630 నుంచి 660 చర్మానికి, 810 నుంచి 850 ఇంకాస్త లోపలికి, కండరాలకీ కీళ్లకీ. ఈ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీ పెంచుతుందని చెబుతారు. నంబర్లే లేకపోతే అది ఉత్త ఎర్ర బల్బు, దీపావళికి బాల్కనీలో కట్టుకోండి. 850 కంటికి దాదాపు కనబడదు కాబట్టి సగం బల్బులు వెలగట్లేదని షాపువాడితో గొడవకి దిగకండి, ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూస్తే చాలావరకు లేత ఊదాగా కనిపిస్తాయి.

1967లో హంగేరీ డాక్టర్ ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపు గొరిగి ఎర్ర కాంతినిచ్చే రూబీ లేజర్ పెడితే, వెంట్రుకలు త్వరగా మొలిచాయి. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మగవాళ్ల బట్టతలకి ఒక లేజర్ దువ్వెనను అనుమతించింది. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటిపూతకి ఆసుపత్రుల్లోనూ వాడతారు. సన్నటి ముడతలు, మొటిమలు, మోకాళ్ల నొప్పి కొంతమందికి కొంత తగ్గుతాయి. పొట్ట కరుగుతుందంటే మాత్రం నేను నమ్మను, ఆ డబ్బుతో బీచ్ రోడ్డులో నడవడానికి మంచి బూట్లు కొనుక్కోవచ్చు.

ఇక లెక్క. ప్యానెల్ మీ చర్మానికి ఉన్న దూరంలో చదరపు సెంటీమీటరుకి 20 మిల్లీవాట్లు ఇస్తోందనుకోండి, 300 సెకన్లు కూర్చుంటే ఆ చదరపు సెంటీమీటరుకి అందే శక్తి, అంటే డోసు, 6 జౌళ్లు. ముఖానికి మొదట అంత చాలు, వారానికి మూడు నాలుగు సార్లు. దూరం జరిగితే డోసు పడిపోతుంది, అందుకే నేను కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద చాక్‌పీసుతో గీత గీశాను. ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అనుకోకండి, ఒక హద్దు దాటితే ఫలితం తగ్గుతుంది. మా అమ్మ సీరియల్ చూస్తూ మోకాలికి ఆనించి నలభై నిమిషాలు ఉంచేసింది, చర్మం కందిపోయి రెండ్రోజులు చిటపటలాడింది, ఆ తిట్లన్నీ నాకే.

మన ఊరి ఉక్కపోతకి కూర్చునే ముందు చెమట, సన్‌స్క్రీన్ కడిగేసుకోండి. కాంతి కళ్లలో పడకుండా రక్షణ అద్దాలు తప్పనిసరి. మొటిమలకి డాక్సీసైక్లిన్ లాంటి మందు వేసుకుంటున్నా, ముఖం మీద మంగు ఉన్నా, ఎక్కడైనా అనుమానపు గడ్డ ఉన్నా స్కిన్ డాక్టర్ని అడక్కుండా స్విచ్ వేయకండి. మార్పు తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, కాబట్టి మొదటిరోజే ఒక కిటికీ దగ్గర ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాతవీ అక్కడే తీయండి.

సముద్రం వైపు ఇల్లయితే వాడాక ప్యానెల్‌కి గుడ్డ కప్పండి, ఉప్పుగాలికి మా దాని స్క్రూలు అప్పుడే తుప్పు పట్టాయి.